ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలు, ఉద్యోగం ఫామ్‌లో రెండు రకాల జవాబులు

విభాగం: ప్రవాసం / పిల్లల చదువులు, ఉద్యోగాలు

#1 ఎడిసన్ నాన్న (న్యూజెర్సీ)

అందరికీ నమస్కారం. 2012లో హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద వచ్చాం. పెద్దవాడు హైదరాబాద్‌లో పుట్టాడు, విమానం ఎక్కేటప్పటికి వాడికి ఆరేళ్లు. చిన్నది ఆ మరుసటి ఏడాది ఇక్కడే పుట్టింది, కాబట్టి అమెరికా పౌరురాలు. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే స్కూల్ బస్సు, ఒకే ఇంగ్లిష్. తెలుగు మాత్రం పెద్దవాడికే కాస్త నయం.

వాడిప్పుడు కంప్యూటర్ సైన్స్ రెండో సంవత్సరం. వచ్చే సమ్మర్ ఇంటర్న్‌షిప్‌లకు క్లాసంతా అప్లై చేస్తోంది. మొన్న రాత్రి పక్కన కూర్చుని చూశాను. పేరు, కాలేజీ, జీపీఏ, ప్రాజెక్టులు అన్నీ నింపాక చివర్లో రెండు ప్రశ్నలు. ‘అమెరికాలో పని చేయడానికి మీకు చట్టప్రకారం అనుమతి ఉందా?’, ‘ఇప్పుడు గానీ, ముందుముందు గానీ వీసా స్పాన్సర్‌షిప్ కావాలా?’ తోటి పిల్లలు ఎస్, నో అని నొక్కేసి వెళ్లిపోతారు. మావాడు నో, ఎస్ అని నొక్కాలి. సబ్మిట్ కొట్టి మంచినీళ్లు తాగి వచ్చేలోపే రిజెక్షన్ మెయిల్ వచ్చింది. ఆ రెజ్యుమేని మనిషన్నవాడు ఎవరూ చదివి ఉండరు.

మా ప్రయారిటీ డేట్ (గ్రీన్ కార్డు క్యూలో చేరిన తేదీ) 2015 ఆగస్టు, ఉద్యోగం మీద ఇచ్చే ఈబీ-2 వర్గం. వాడికి 21 నిండేది 2027లో, ఆ తర్వాత మా వీసా మీద ఆధారపడి ఉండలేడు. ఈలోపు గ్రీన్ కార్డు వస్తుందన్న ఆశ నాకు లేదు. ఇలా వచ్చిన పిల్లలు ఉద్యోగాల్లో చివరికి ఏమయ్యారో చూసినవాళ్లు చెప్పండి. ‘అంతా మంచే జరుగుతుంది’ అని మాత్రం అనకండి, మా అత్తగారు రోజూ అంటూనే ఉన్నారు.

#2 ప్లానో పక్కింటాయన (టెక్సస్)

అన్నా, 21 దాకా ఆగకండి. ఇప్పుడే ఎఫ్-1 విద్యార్థి వీసాకి మార్చే సంగతి చూడండి. హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల కుటుంబ వీసా) మీద ఉన్నంతకాలం కిరాణా కొట్లో గంట పని కూడా చేయకూడదు. 2015లో వచ్చిన హెచ్-4 ఈఏడీ (పని చేసే అనుమతి) భార్యాభర్తలకే, పిల్లలకు కాదు. ఎఫ్-1 అయితే చదువుతూ సీపీటీ (చదువులో భాగంగా పని చేసే అనుమతి) మీద ఇంటర్న్‌షిప్ చేయొచ్చు. డిగ్రీ అయ్యాక ఓపీటీ అనే పని అనుమతి ఏడాది, కంప్యూటర్ సైన్స్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కల కోర్సు) కాబట్టి ఇంకో రెండేళ్లు.

ఫీజులు మాత్రం ముందే కనుక్కోండి. ఎఫ్-1 అవగానే కొన్ని కాలేజీలు ఇన్-స్టేట్ రేటు (ఆ రాష్ట్రం వాళ్లకిచ్చే తక్కువ ఫీజు) తీసేసి పైరేటు వేస్తాయి. ఫెడరల్ ఆర్థిక సాయం మన పిల్లలకు ఎలాగూ లేదు.

#3 కాగితాల కామయ్య (కాలిఫోర్నియా)

ఎడిసన్ గారూ, మీ ఐ-140 (గ్రీన్ కార్డుకు కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ కావడానికి ఎన్నాళ్లు పట్టింది? అడగడానికి కారణం ఉంది. 2002 నాటి చైల్డ్ స్టేటస్ ప్రొటెక్షన్ చట్టం ప్రకారం, గ్రీన్ కార్డుకు వంతు వచ్చిన రోజున పిల్లల వయసులోంచి ఐ-140 పెండింగ్‌లో ఉన్న రోజులు తీసేస్తారు. మిగిలింది 21 లోపు ఉంటే గట్టెక్కినట్టే. ఐ-140 నానుతూ ఎనిమిది నెలలు కూర్చుంటే పిల్లాడికి ఎనిమిది నెలలు కలిసొస్తాయి. త్వరగా తేల్చే ప్రీమియం ఫీజు కట్టి రెండు వారాల్లో అప్రూవల్ తెచ్చుకున్నవాళ్లకు ఆ రెండు వారాలే దక్కుతాయి. డబ్బు ఎక్కువ కట్టినందుకు పిల్లల వయసు దగ్గర నష్టం! మా ఆఫీసులో ఇద్దరు ముగ్గురు ఈ లెక్క తెలిసి నెత్తి కొట్టుకున్నారు.

ఇంకో మాట. ఆ ‘వంతు వచ్చిన రోజు’ దేన్ని బట్టి అన్నది కూడా మారుతూ ఉంటుంది. 2023 ఫిబ్రవరిలో, గ్రీన్ కార్డు వంతులు చెప్పే నెలవారీ వీసా బులెటిన్‌లో ముందుగా నడిచే ‘డేట్స్ ఫర్ ఫైలింగ్’ పట్టికను లెక్కలోకి తీసుకుంటామన్నారు. 2025 ఆగస్టు 15 నుంచి మళ్లీ, కార్డు నిజంగా ఇచ్చే తేదీలుండే ‘ఫైనల్ యాక్షన్’ పట్టికకే వెళ్లిపోయారు. ఆ వేసవిలో ఈబీ-2 ఇండియా ఫైనల్ యాక్షన్ తేదీ 2013 జనవరి 1, అంటే అంతకు ముందు క్యూలో చేరినవాళ్లకే వంతు. మీది 2015. మీరన్నట్టే ఆశ పెట్టుకోకపోవడం మంచిది.

#4 నిక్కచ్చి (వర్జీనియా)

నాకో సందేహం. ప్రతి ఆరు నెలలకూ ఇక్కడ ఈ ఏడుపు మొదలవుతుంది. వలస వచ్చినవాళ్లలో మనవాళ్ల పిల్లలంత బాగా స్థిరపడ్డవాళ్లు ఎవరున్నారు? తెలుగు దంపతులకు శాన్ డియెగోలో పుట్టిన ఉష వాన్స్ ఉపాధ్యక్షుడి భార్య, ఆవిడ స్వయంగా పెద్ద లాయర్. హైదరాబాద్‌లో పుట్టి ఏడేళ్లప్పుడు వచ్చిన అరుణ మిల్లర్ సివిల్ ఇంజనీరుగా పనిచేసి మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్ అయింది. నా చుట్టూ చూసినా డాక్టర్లు, లాయర్లు, ఇంజనీర్లే. లేనిపోని టెన్షన్ పెట్టుకుని పిల్లల్ని కూడా భయపెడుతున్నాం.

#5 లెక్కల మాస్టారు (ఒహాయో)

నిక్కచ్చి గారు సగం నిజం చెప్పారు. నేను ఎకనామిక్స్ చెప్పేవాణ్ని కాబట్టి మిగతా సగం చెబుతాను.

రాన్ అబ్రామిట్‌స్కీ, లియా బూస్తాన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు మరికొందరితో కలిసి 2021లో ఒక పెద్ద పరిశోధన ప్రచురించారు. పాత జనగణన రికార్డుల నుంచి ఇప్పటి ఆదాయాల దాకా, నూరేళ్లకు పైబడిన సమాచారం కలిపి చూశారు. ఆదాయంలో కింది మెట్ల మీద ఉన్న ఇళ్లను తీసుకుంటే, అదే స్థాయి అమెరికన్ ఇళ్ల పిల్లల కంటే వలస వచ్చినవాళ్ల పిల్లలు పెద్దయ్యాక పైమెట్టు ఎక్కుతున్నారు. దాదాపు ఏ దేశం నుంచి వచ్చినా అంతే. నూరేళ్ల కిందట ఇటలీ వాళ్లకు ఎలా జరిగిందో ఇప్పుడు మిగతావాళ్లకూ అలాగే జరుగుతోంది. ఇండియా, చైనా ముందు వరసలోనే ఉన్నాయి.

కారణాలు చూస్తే మన గొప్పలు కాస్త తగ్గుతాయి. మొదటిది ఊరు. వలస వచ్చినవాడికి సొంతూరి బంధం లేదు కాబట్టి ఉద్యోగాలున్న చోటికే పోతాడు, అక్కడే పిల్లలు పెరుగుతారు. ఇక్కడ పుట్టినవాడు అమ్మానాన్నల పక్కనే ఉందామని మూతబడ్డ మిల్లు ఊళ్లో ఉండిపోతాడు. రెండోది, తండ్రి జీతం అతని చదువుకు తగినట్టు ఉండదు. అక్కడ డిగ్రీ చేసి ఇక్కడ టాక్సీ నడిపేవాడు కాగితం మీద పేదవాడే గానీ, ఇంట్లో చదువు వాతావరణం పేదది కాదు. పిల్లలు ఆ తండ్రి జీతం స్థాయికి కాదు, అతని అసలు స్థాయికి చేరుకుంటారు. అంతే.

ఉష వాన్స్ ఉదాహరణ తీసుకుంటే, వాళ్లమ్మగారు యూనివర్సిటీలో బయాలజీ ప్రొఫెసర్. ఆ ఇంటి పిల్ల లాయరైతే దాన్ని వలస కథగా చెప్పుకోవడం నాకు అంత సబబు అనిపించదు. మన తెలుగువాళ్లు ఇక్కడికి వచ్చిందే డిగ్రీల జల్లెడ పట్టించుకుని. జల్లెడ దాటినవాళ్ల పిల్లలు బాగా చదివారంటే అందులో ఆశ్చర్యం ఏముంది?

అన్నిటికంటే ముఖ్యం, ఈ లెక్కలన్నీ ఇక్కడ స్థిరంగా ఉండిపోయినవాళ్లవి. 21 నిండి దేశం వదిలి వెళ్లినవాడు ఈ పట్టికల్లో కనపడడు.

#6 చికాగో చెల్లెలు

నేను ఇక్కడే పుట్టాను, నీలం పాస్‌పోర్టు. తెలుగు మా అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నాను, తప్పులుంటే సర్దుకుపోండి.

ఎడిసన్ అంకుల్ బాధ ముందు నాది చిన్నదే. అయినా పాస్‌పోర్టు ఉంటే పని అయిపోయినట్టు అందరూ మాట్లాడుతున్నారు, అది నిజం కాదు. నేను పబ్లిక్ పాలసీ చదివాను. నా రూమ్‌మేట్‌కు మొదటి ఇంటర్న్‌షిప్ వాళ్ల పక్కింట్లో ఉండే జడ్జి గారి కోర్టులో దొరికింది. రెండోది వాళ్ల నాన్న స్నేహితుడి ఆఫీసులో. ఎవరూ ఏ తప్పూ చేయలేదు, ఫోన్ చేసి ‘మా అమ్మాయి వస్తుంది, కాస్త చూడండి’ అన్నారు. మా అమ్మానాన్నలకు ఈ ఊళ్లో తెలిసిన లాయర్ ఒక్కడే, ఇమిగ్రేషన్ లాయర్! ఫోన్‌లో ఉన్న మిగతా నంబర్లన్నీ జావా, శాప్, ఒరాకిల్ అంకుల్స్‌వి.

ఇంకోటి. నాలుగు రౌండ్ల ఇంటర్వ్యూ ఒకటి అయ్యాక ఫీడ్‌బ్యాక్ అడిగితే ‘నువ్వు చేసిన పనిని నీ పనిగా చెప్పుకోలేదు’ అన్నారు. నేను ప్రతిదానికీ ‘మా టీమ్’ అన్నానట. సొంత డబ్బా కొట్టుకోకూడదని ఇంట్లో ఇరవై రెండేళ్లు చెప్పి, ఒక్క గంటలో కొట్టుకోమంటే ఎలా వస్తుంది?

కంప్యూటర్ సైన్స్ అయితే సేఫ్ అనే అంకుల్స్ కోసం: న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు 2025లో ఇచ్చిన లెక్కలో, కొత్తగా డిగ్రీ పూర్తి చేసినవాళ్లలో నిరుద్యోగం కంప్యూటర్ సైన్స్‌కు 6.1 శాతం, కంప్యూటర్ ఇంజనీరింగ్‌కు 7.5. ఆర్ట్ హిస్టరీకి 3. మా ఇంట్లో ఈ అంకె చదివి వినిపిస్తే నాన్న పేపర్ తిరగేసి మళ్లీ చూశారు.

#7 నిక్కచ్చి (వర్జీనియా)

చెల్లెమ్మా, ఆర్ట్ హిస్టరీ వాళ్లు కాఫీ షాపులో పనిచేసినా ఉద్యోగం ఉన్నట్టే లెక్క. జీతాలు కూడా చూడు.

#8 చికాగో చెల్లెలు

చూశాను అన్నయ్యా. జీతాల్లో కంప్యూటర్ వాళ్లే పైన, ఒప్పుకుంటాను. నేనంటున్నది మొదటి ఉద్యోగం తలుపు గురించి. ఊరంతా అదే తలుపు ముందు నిలబడితే తొక్కిసలాట అవుతుంది కదా.

#9 టొరంటో తమ్ముడు

ఎడిసన్ గారు అడిగిన ‘చివరికి ఏమయ్యారు’ అన్నదానికి నేనే ఒక జవాబు. నాలుగేళ్లప్పుడు విజయవాడ నుంచి డాలస్ వెళ్లాను. 21కి ఎఫ్-1 అయ్యాను, ఓపీటీ మూడేళ్లు, హెచ్-1బీ లాటరీలో పేరు రాలేదు. ఏటా 85,000 వీసాలకు లక్షల్లో పేర్లు. నేను పెరిగిన ఊరి లాటరీలో, నిన్న విమానం దిగినవాళ్లతో సమానంగా నా పేరు కూడా వేశారు. దేశం నుంచి పంపేయకుండా కాపాడే డాకా పథకం ఉంది కదా అంటారు కొందరు. 2012 నాటి ఆ పథకం కాగితాలు లేని పిల్లలకు మాత్రమే. మాకు కాగితాలు ఉండటమే అనర్హత.

కెనడాకు ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే పాయింట్ల పద్ధతిలో వచ్చాను. 20ల్లో ఉన్న వయసు, ఇంగ్లిష్, అమెరికా డిగ్రీ కలిసి పాయింట్లు బాగానే వచ్చాయి. అమ్మానాన్న, తమ్ముడు డాలస్‌లోనే ఉన్నారు.

ఇక్కడ కాగితాల గొడవ లేదు. కానీ పేరు గొడవ ఉంది. ఫిలిప్ ఓరియోపౌలోస్ అనే టొరంటో ప్రొఫెసర్ వేల కొద్దీ తయారుచేసిన రెజ్యుమేలు నిజమైన కంపెనీలకు పంపి చూశాడు. 2011లో ప్రచురించాడు. చదువూ అనుభవమూ రెండూ కెనడావే అయినా, ఇండియన్, పాకిస్తానీ, చైనీస్ పేర్ల కంటే ఇంగ్లిష్ పేర్లకు ఇంటర్వ్యూ పిలుపులు మూడో వంతుకు పైగా ఎక్కువ వచ్చాయి. కారణం అడిగితే రిక్రూటర్లు ‘ఇంగ్లిష్ సరిగా రాదేమోనని’ అన్నారట. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలకు కూడా ఈ అనుమానం అంటుకుంటుంది. నా ఇంటిపేరు పదమూడు అక్షరాలు, నేను కుదించలేదు. కుదించినవాళ్లను తప్పుపట్టను.

#10 లెస్టర్ డాక్టరమ్మ (ఇంగ్లండ్)

యూకే సంగతి కూడా చేర్చండి. ఇక్కడ పుడితే చాలు అన్నది 1983 జనవరి 1తోనే పోయింది. తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులో, స్థిరనివాసులో అయి ఉండాలి. లేదంటే బిడ్డ పదేళ్లు ఇక్కడే పెరిగాక రిజిస్టర్ చేయించుకోవాలి. మా తరం ఎన్‌హెచ్ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) డాక్టర్ల పిల్లలకు ఆ ఇబ్బంది పెద్దగా రాలేదు.

జీతాల పట్టికల్లో ఇండియన్ వర్గం వైట్ బ్రిటిష్ కంటే పైనే ఉంటుంది. అది చూపించి ఇక్కడ వివక్షే లేదనేవాళ్లున్నారు. ఆక్స్‌ఫర్డ్ నఫీల్డ్ కాలేజీ వాళ్లు దాదాపు 3,200 ఉద్యోగాలకు ఒకే రకం అప్లికేషన్లు పేరు మార్చి పంపారు. 2019లో ఫలితాలు బయటపెట్టారు. తెల్లవాళ్ల పేర్లకు నూటికి 24 సానుకూల జవాబులు, మైనారిటీ పేర్లకు 15. అంటే అన్ని పిలుపులు రావాలంటే మైనారిటీ పేర్లున్నవాళ్లు 60 శాతం ఎక్కువ అప్లికేషన్లు పంపాలి. పట్టికలో పైన ఉండటమూ నిజమే, ఎక్కువ తలుపులు తట్టాల్సి రావడమూ నిజమే. మా అమ్మాయి తట్టింది, దొరికింది. ఎన్ని తట్టిందో మాకు ఆ తర్వాతే చెప్పింది.

లండన్ ఫైనాన్స్ వైపు వెళ్లాలనుకునే పిల్లలు ఉంటే ఒక మాట. బ్యాంకుల స్ప్రింగ్ వీక్‌లకు (విద్యార్థులు కొద్ది రోజులు బ్యాంకు పని చూసే కార్యక్రమాలు) డిగ్రీ మొదటి ఏడాదిలోనే అప్లై చేయాలి. కొన్ని స్కూళ్ల పిల్లలకు ఇది పదహారేళ్లకే తెలుసు. మన పిల్లలకు రెండో ఏడాదిలో తెలుస్తుంది, అప్పటికి గడువు దాటిపోతుంది.

#11 జగిత్యాల అన్న (షార్జా)

మీ అందరి ముచ్చట చదివిన. వలసోళ్ల పిల్లలంటే అమెరికా పిల్లలేనా? గల్ఫ్ సంగతి కూడా రాస్తున్నా.

ఇక్కడ రెండు రకాలు. ఇంజనీర్లు, అకౌంటెంట్లు కుటుంబాన్ని తెచ్చుకుంటారు. వాళ్ల పిల్లలు ఇక్కడే పుడతారు, ఇండియన్ స్కూల్లో సీబీఎస్ఈ చదువుతారు, కానీ ఇక్కడ పుట్టినందుకు పౌరసత్వం రాదు. పెద్దయ్యాక తండ్రి వీసాలోంచి బయటికి రావాల్సిందే. కొడుకును ఇంతకుముందు 18 దాకా స్పాన్సర్ చేసేవాళ్లు, 2022 అక్టోబరు నుంచి 25 దాకా చేయొచ్చు. ఇంజనీరింగ్‌కు హైదరాబాద్‌కో చెన్నైకో ఎన్ఆర్ఐ సీటు మీద పోతారు. అక్కడ వాళ్లని గల్ఫ్ పిల్లలంటారు. చదువయ్యాక మళ్లీ దుబాయ్‌కే ఉద్యోగం వెతుక్కుంటూ వస్తారు, పుట్టిన ఊరికి కొత్తగా వచ్చినోడిలా.

రెండో రకం మాది. కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే 4,000 దిర్హమ్‌ల జీతం, లేదా 3,000తో పాటు కంపెనీ ఇల్లు ఉండాలె. క్యాంపులో ఉండేటోడికి అది యాడ వస్తది? పిల్లలు ఊళ్లనే ఉంటారు. మా నాన్న బహ్రెయిన్‌లో మేస్త్రి, నేను ఇక్కడ ఏసీ మెకానిక్. నా పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (పోయే ముందు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలనే ముద్ర) పడలేదు, ఎందుకంటే పదో తరగతి పాసయిన. నాన్నకు ప్రతిసారీ ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాల్సి వచ్చేది. మూడు తరాల్లో మాకు కనబడే ఎదుగుదల ఇదే. నా కొడుకు ఐటీఐలో రిఫ్రిజిరేషన్ చేస్తున్నడు. సర్టిఫికెట్ చేతిలో ఉంటే హెల్పర్‌గా కాకుండా టెక్నీషియన్‌గా దిగుతడు, జీతం అక్కడే తేడా పడతది. విదేశీ ఉద్యోగాలు చూపే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా ఏజెంటు ఖర్చు లేకుండా పోయే దారి ఉందంటే దాని గురించి కూడా చూస్తున్నం.

#12 లెక్కల మాస్టారు (ఒహాయో)

జగిత్యాల అన్నా, ఈ చర్చలో అన్నిటికంటే పనికొచ్చే పోస్టు మీదే. నేను చెప్పిన జల్లెడ మాట మీ ఉదాహరణతోనే సరిగ్గా అర్థమవుతుంది. అమెరికా జల్లెడ చదువుకున్నవాణ్ని కుటుంబంతో సహా రానిస్తుంది. గల్ఫ్ జల్లెడ మనిషిని రానిచ్చి కుటుంబాన్ని ఆపేస్తుంది. పిల్లల భవిష్యత్తులో తేడా అక్కడే మొదలవుతుంది, తెలివితేటల్లో కాదు.

#13 ఇర్వింగ్ ఆంటీ (టెక్సస్)

ఒక హెచ్చరిక. ఓపీటీలో ఉద్యోగం లేకుండా ఉండగలిగింది మొత్తం 90 రోజులు, స్టెమ్ పొడిగింపు వస్తే ఆ లెక్కతో కలిపి 150. ఆ రోజులు కరిగేకొద్దీ పిల్లలు బెదిరిపోతారు. సరిగ్గా అప్పుడే కన్సల్టెన్సీల ఫోన్లు మొదలవుతాయి. ‘పేరోల్ మీద పెట్టుకుంటాం, రెజ్యుమేలో ఐదేళ్ల అనుభవం మేమే రాసుకుంటాం’ అంటారు. ఇండియా నుంచి మాస్టర్స్‌కు వచ్చినవాళ్లే ఇలా ఇరుక్కుంటారనుకునేదాన్ని. మా వీధిలో కిండర్‌గార్టెన్ నుంచి ఇక్కడే చదివిన కుర్రాడికి కూడా ఇదే సలహా ఇచ్చారు, ఇచ్చింది సొంత మేనమామ! కుర్రాడి వయసు ఇరవై మూడు. ఐదేళ్ల అనుభవమంటే హైస్కూల్ నుంచే కోడింగ్ ఉద్యోగం చేసినట్టు అన్నమాట. అబద్ధం రాసిన రెజ్యుమే తర్వాత గ్రీన్ కార్డు దాకా వెంటాడుతుంది. వద్దు.

#14 ఎడిసన్ నాన్న (న్యూజెర్సీ)

అందరికీ ధన్యవాదాలు. కామయ్య గారూ, మా ఐ-140 ఏడు నెలలు నానింది. అది కలిపినా సరిపోదు. టొరంటో తమ్ముడి పోస్టు వాడికి చదివి వినిపించాను. ‘కెనడా ఆప్షన్ నాకు ఎప్పుడో తెలుసు నాన్నా’ అన్నాడు. నాకు తెలియకుండా పాయింట్లు కూడా లెక్కేసుకున్నాడట.

లాటరీ లేకుండా ఇక్కడే నిలబడే దారి ఏదైనా ఉందా? చట్టం మారే అవకాశం?

#15 కాగితాల కామయ్య (కాలిఫోర్నియా)

చట్టం: అమెరికాస్ చిల్డ్రన్ యాక్ట్ 2021లో ప్రవేశపెట్టారు, 2023లో మళ్లీ పెట్టారు. రెండు పార్టీల మద్దతూ ఉంది, ఓటింగ్ దాకా రాలేదు. ‘ఇంప్రూవ్ ద డ్రీమ్’ అనే సంస్థ ఈ పిల్లల తరఫునే పనిచేస్తోంది. మీవాణ్ని అందులో చేరమనండి, తనలాంటివాళ్లు కనపడతారు. బిల్లును నమ్ముకుని మాత్రం ప్లాన్ వేసుకోకండి.

లాటరీ లేని దారి ఉంది. యూనివర్సిటీలు, వాటికి అనుబంధంగా ఉన్న లాభాపేక్ష లేని ఆసుపత్రులు, పరిశోధన సంస్థల హెచ్-1బీకి ఆ 85,000 పరిమితి వర్తించదు. ఏడాదిలో ఎప్పుడైనా వేయొచ్చు. జీతం ప్రైవేటు కంటే తక్కువే. కానీ యూనివర్సిటీ ఆసుపత్రిలో డేటా పనికి, రీసెర్చ్ ల్యాబులో సాఫ్ట్‌వేర్ పనికి మనుషులు కావాలి. చదువుతుండగానే క్యాంపస్ ల్యాబులో చేరితే తర్వాత అడగడం తేలిక. 2025 సెప్టెంబరులో హెచ్-1బీకి వచ్చిన లక్ష డాలర్ల ఫీజు, దేశం లోపలే ఉండి స్టేటస్ మార్చుకునేవాళ్లకు వర్తించదని అక్టోబరులో యూఎస్‌సీఐఎస్ (అమెరికా ఇమిగ్రేషన్ శాఖ) చెప్పింది. ఫైల్ చేసే నాటికి లాయర్‌తో మళ్లీ సరిచూసుకోండి.

అప్లై చేసి ప్రయోజనం లేనివి: ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగాల్లో అత్యధికం, సెక్యూరిటీ క్లియరెన్స్ అడిగే డిఫెన్స్ పనులు. అవి పౌరులకే. మెడిసిన్ అంటే కూడా ముందే ఆలోచించుకోమనండి, ఎఫ్-1 పిల్లల్ని తీసుకునే మెడికల్ కాలేజీలు కొద్దే.

#16 చికాగో చెల్లెలు

అంకుల్, ఆ ల్యాబు ప్రొఫెసర్‌కు పంపే మెయిల్ నేను చూసిపెడతాను, తమ్ముణ్ని నాకు మెసేజ్ చేయమనండి. ‘మా టీమ్’ అని రాస్తే కొట్టేస్తాను.

#17 ప్లానో పక్కింటాయన (టెక్సస్)

ఒకటి మర్చిపోకుండా చెప్పాలి. ఎఫ్-1కి మారడానికి ఐ-539 అప్లికేషన్ వేశాక, అది తేలేదాకా వాడు దేశం దాటకూడదు. దాటితే ఆ అప్లికేషన్ వదిలేసుకున్నట్టే లెక్క. సంక్రాంతికి హైదరాబాద్ టికెట్లు తీసి ఉంటే వాడిది మాత్రం క్యాన్సిల్ చేయండి, రీఫండ్ గడువు చూసుకోండి.